కవలల బుర్రలు

గిన్నె అడుగున అంటుకున్న మాడు గీకుతూ ఆమె ముందుగదిలోకి తొంగిచూసింది. భర్త టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. పక్కన ఏడేళ్ళ కొడుకు, చేతిలో స్క్రూడ్రైవరు. వాడు ఒక స్క్రూ ఎక్కడో పారేస్తే తండ్రి విరగబడి నవ్వాడు.

"పోనీలేరా ఇంజినీరూ! పోగొడితేనే కదా పని వచ్చేది!"

ఆ సందడికి కూతురు పరుగెత్తుకొచ్చి వంగి చూసింది. వాడితోపాటే, వాడికంటే కాస్త ముందు పుట్టిన పిల్ల.

"అడ్డురాకే బంగారం. వెళ్ళి నాన్నమ్మకి మంచినీళ్ళివ్వు."

పిల్ల చుక్క ఒలకకుండా తెచ్చి ఇచ్చింది. అత్తగారు మురిసిపోయింది. "చూశావా అమ్మా, ఎవరైనా నేర్పారా దీనికి? వాడిది యంత్రాల బుర్ర, దీనిది ఇంటి బుర్ర. పుట్టుకతోనే వస్తాయి. మొన్న టీవీలో కూడా చెప్పారు."

ఆమెకు కోపం రాలేదు. వింతగా అనిపించింది. ఒకే కడుపులో పక్కపక్కన పెరిగినవాళ్ళకి ఈ బుర్రలు ఎవరు పంచిపెట్టారు? ఆమె ఉద్యోగమే బుర్రలతో. ఆసుపత్రిలో స్కాన్లు తీస్తుంది. గదంత యంత్రం ఆమె వేలి కింద నడుస్తుంది. అందులోకి వెళ్ళడానికి వణికేవాళ్ళని మాటలతో ఊరడించేదీ ఆమే. అలాంటి మనిషికి ఇంట్లో మాత్రం బల్బు మార్చడం కూడా చేతకాదని పేరు. పెళ్ళయిన కొత్తలో ఓసారి ప్లగ్గు విప్పబోతే, "నీకెందుకివన్నీ, నేనున్నాగా" అని భర్త లాక్కున్నాడు. ముద్దుగానే. ఆ ముద్దుమాటలు విని విని చివరికి ఆమే నమ్మేసింది. మరి ఆసుపత్రి గుమ్మం దాటగానే తన బుర్ర మారిపోతోందా? ఇంటికొచ్చేసరికి మళ్ళీ మొదటికొస్తోందా?

మర్నాడు స్కాన్లు చదివే డాక్టరమ్మని అడిగేసింది. "మేడమ్, పేరు కనబడకుండా చేస్తే, ఈ బుర్ర ఆడవాళ్ళదో మగవాళ్ళదో చెప్పగలరా?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని తెరవైపు చూసింది. "చాలామందివి కలిపి చూస్తే సగటున కొన్ని తేడాలుంటాయమ్మా, లేవనను. కానీ ఈ ఒక్క బొమ్మ చూసి చెప్పమంటే నేను పందెం కాయను. ఈ మనిషి పట్టేది స్క్రూడ్రైవరా గరిటా అంటే అసలే చెప్పలేను." ఆమె ఇంట్లో కవలల సంగతి చెబితే డాక్టరమ్మ నవ్వింది. "చిన్నపిల్లల బుర్రంటావా, గడ్డిలో కాలిబాటే అనుకో. ఎటు నడిపిస్తే అటు దారి పడుతుంది."

ఆ ఆదివారం స్నానాలగది తలుపు గడియ ఊడి వేలాడుతోంది. భర్త లేచేలోపు ఆమె స్క్రూడ్రైవరు కూతురి చేతిలో పెట్టింది. కొడుకును నాన్నమ్మకి మంచినీళ్ళు తెమ్మని పంపింది.

వాడు సగం దారిలోనే ఒలకబోశాడు. "వాడికేం తెలుసు పాపం!" అంది అత్తగారు.

"తెలీదనే కదా అత్తయ్యా పంపింది."

రెండోసారి వాడు గ్లాసును రెండు చేతులా పట్టుకుని, నాలుక బయటపెట్టి, కత్తిమీద సాములా నడిచొచ్చాడు. నాన్నమ్మ తాగేదాకా నిలబడి, "ఇంకా కావాలా?" అని అడిగాడు. ఆ ఇంట్లో మగవాళ్ళెవరూ ఆవిణ్ణి ఆ మాట అడిగి ఎరగరు. అత్తగారు ఖాళీ గ్లాసు చేతిలోనే పట్టుకుని వాడికేసి చూస్తూ ఉండిపోయింది.

అటు కూతురు చెమటలు కక్కుతూ గడియ బిగించింది, తలకిందులుగా. తలుపుకి గడియ పడలేదు. పిల్ల మొహం చిన్నబోయింది.

భర్త పకపకా నవ్వాడు. "చెప్పానా! ఇటియ్యవే, నేను చేస్తాను."

పిల్ల ఇవ్వబోయింది. ఆమె ఆ చిన్న పిడికిలి మీద తన చెయ్యి వేసి ఆపింది.

"విప్పు తల్లీ. మళ్ళీ బిగించు. నేనిక్కడే ఉంటాను." అని తలుపు పక్కన నేలమీద చతికిలబడింది.

"మరి వంటో?" అన్నాడు భర్త, గోడగడియారం వంక చూస్తూ.

ఆమె తలెత్తి చూసింది. వెక్కిరింపు లేదు ఆ చూపులో. ఏమవుతుందో చూడాలన్న ఆరాటమే.

"మీరు చెయ్యండి. మొదటిసారి మాడుతుంది. ఫర్వాలేదు, నవ్వను."