వాసన రాని కోడికూర

కూతురు కోడిముక్కల తోలు ఒలిచి పక్కన పడేస్తుంటే ముక్కు మాస్టర్‌కి ప్రాణం ఉసూరుమంది. రుచంతా తోలులోనే ఉందని ఆయన నమ్మకం. కానీ జ్వరపడి లేచిన మనిషి, పైగా నూనె తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాడు.

ముక్కు మాస్టర్ అన్న పేరు హోటల్లో తోటి వంటవాళ్లు పెట్టింది. గుమ్మంలో నిలబడి, మూత తీయకుండానే, ఏ గిన్నెలో ఏం తక్కువైందో చెప్పేసేవాడు. కూర పొయ్యి మీద పెట్టి ఓ కునుకు తీస్తే, అది ఉడికిన వాసనే ఆయన్ని లేపేది. గడియారం చూసి వండేవాణ్ణి ఆయన వంటవాడి కింద జమకట్టేవాడు కాదు. "మా మాస్టర్‌కి ముక్కు మీద కోపమే కాదు, ఉప్పూ కారమూ కూడా ఉంటాయి" అని వాళ్ల వేళాకోళం.

జ్వరం పోతూ పోతూ ఆ ముక్కునే పట్టుకుపోయింది. నాలుకకి ఉప్పు తెలుస్తోంది, కారం తెలుస్తోంది, ఆ రెండింటి మధ్యా ఉండాల్సిన కూర తెలియడం లేదు. ఈ సంగతి కూతురికి కూడా చెప్పలేదు. రేపు పనిలోకి వస్తానని యజమానికి మాటిచ్చేశాడు మరి. భార్య పోయాక ఆయన్ని మనిషిగా నిలబెట్టింది ఆ వంటగదే. అదీ పోతే పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు.

"ఇటలీ వంట నాన్నా" అంది కూతురు. సన్నటి వేడి మీద ఉడికించే కరెంటు గిన్నె, కొత్తగా కొన్న స్లో కుక్కర్లో కోడిముక్కలు, టమాటాలు, వెల్లుల్లి, పుట్టగొడుగులు, ఏవో ఎండాకుల పొడి, ఒక్క చెంచా నూనె వేసి మూత పెట్టింది. "క్రీము లేదు, చీజ్ లేదు. సాయంత్రానికి అదే ఉడుకుతుంది. మూత మాత్రం తియ్యకు, వేడంతా పోతుంది."

"ఇది వంటా, పథ్యమా?"

"నిదానమే ప్రధానం అని నువ్వే చెప్పేవాడివిగా" అని నవ్వి, ఆమె తను పనిచేసే మందుల షాపుకి వెళ్లిపోయింది.

ఆయన కుక్కర్ ముందు కుర్చీ వేసుకున్నాడు. ఇవాళ వాసన తగిలిందా, రేపు ధైర్యంగా హోటల్లో అడుగు పెట్టచ్చు. కాసేపటికి మూత తీసి ముఖం వంచాడు. వెచ్చటి ఆవిరి తగిలింది, అంతే. ఇంకాసేపాగి మళ్లీ తీశాడు. మధ్యాహ్నం దాకా అదే వరస. చివరికి ఒక ముక్కని పొడిచి చూస్తే లోపల పచ్చిగానే ఉంది.

ఆయన ముఖం వెలిగింది. ఉడకని కూరకి వాసనెక్కడిది? తప్పు ముక్కుది కాదు, మిషనుది. ఆ ఆనందంలో, తన చేత్తోనే మూతలు తీసి వేడి పోగొట్టిన సంగతి తట్టనేలేదు. కూరంతా పాత మూకుట్లోకి వంచి, పెద్ద మంట పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. వాసనే లేపుతుందిలే అనుకున్నాడు.

"నాన్నా, మాడిపోతోంది! వీధి దాకా వాసన కొడుతోంది."

కళ్లు తెరిచేసరికి గదంతా పొగ. తండ్రిని చూసిపోదామని షాపు నుంచి మధ్యలో వచ్చిన కూతురు పొయ్యి ఆపి, కిటికీ తెరిచి, ఇటు తిరిగింది. పొయ్యికి చెయ్యి చాపితే అందేటంత దూరంలో ఉంది ఆయన కుర్చీ. ఆమె పొయ్యినీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"జ్వరం తగ్గినప్పట్నుంచి."

ఆమె అడుగు అంటకుండా పైపై ముక్కలు ఏరి రెండు ప్లేట్లలో పెట్టింది. ఇద్దరూ కూర్చున్నారు. ఆయన తన ప్లేటు ముట్టుకోకుండా కూతురు నమిలేదాకా ఆగాడు.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది నాన్నా. చాలా బాగుంది."

ఊరంతా లొట్టలేసుకుంటూ తిన్న కూరకి కూడా "పులుపెక్కింది" అని ముఖం మీదే అనేసే మనిషి ఆ పిల్ల. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన వంటకి వంక పెట్టకుండా ఒక్క ముద్ద మింగి ఎరగదు. ఆమె సరేనన్నాకే ఆయన హోటల్లో కొత్త వంటకం దించేవాడు. అలాంటిది ఇవాళ మాడుకూరని మెచ్చుకుంది. ఆయనకి దుఃఖం ఆగలేదు.

కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.

"సార్, రేపటికి ఇంకో మాస్టర్ని చూసుకోండి" అన్నాడు యజమానితో.

కూతురు వద్దనలేదు.