ఎత్తుపల్లాల్లేని గొంతు

"అదేదో కాస్త నవ్వుతూ చెప్పొచ్చుగా" అన్నాడు మొగుడు, టిఫిన్ డబ్బా అందుకుంటూ. డబ్బాలో ఏం పెట్టావని అడిగితే చెప్పింది, అంతే. దానికి నవ్వెందుకో ఆమెకి ఈ జన్మకి అర్థం కాదు. అయినా నవ్వింది. ఎదుటివాళ్ల కళ్లలోకి ఎంతసేపు చూడాలి, చుట్టాలొస్తే గొంతు ఎంత పైకి లేపాలి, మామగారి జోకుకి ఎక్కడ నవ్వాలి, అన్నీ అద్దం ముందు నిలబడి నేర్చుకున్నవే. సాయంత్రానికి దవడలు లాగేసేవి. అంట్లు తోమితే తోమిన గిన్నెలైనా కనిపిస్తాయి. ఈ చాకిరీ ఎవరి కంటికి ఆనుతుంది?

ఆ విద్యతోనే డబ్బింగ్ ఆర్టిస్టయింది. ఏడుపు, కోపం, వలపు, ఏది కావాలంటే అది గొంతులోకి తెచ్చేది. కిందటేడు డాక్టరమ్మ ఆమెనీ కూతుర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరిదీ ఆటిజమేనని చెప్పినప్పుడు, హమ్మయ్య, నా తప్పేం లేదన్నమాట అనుకుంది. మొగుడు మాత్రం రిపోర్టు మడిచి జేబులో దాచేశాడు. "పిల్ల సంగతి సరే, నీది బయట అనకు. పరువు పోతుంది." అత్తగారైతే మూతి తిప్పింది. "ఇంటెడు చాకిరీ చేస్తున్న మనిషికి రోగమేంటి, చోద్యం కాకపోతే."

ఇంతలో ఓ సీరియల్లో ఆటిజం ఉన్న అమ్మాయికి గొంతివ్వమని పిలిచారు. మైకు ముందు మొదటిసారి ఏ వేషమూ వెయ్యకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు తను మాట్లాడే తీరులోనే చెప్పింది. కొన్నిచోట్ల గబగబా, కొన్నిచోట్ల మాట దొరక్క ఆగిపోతూ, సంతోషమొస్తే గొంతు చిట్లిపోతూ. స్టూడియో అద్దం అవతల డైరెక్టర్ తల అడ్డంగా ఊపాడు.

"వాళ్లిలా ఉండరండీ మేడమ్. ఫీలింగ్ తీసెయ్యండి. మరబొమ్మ మాట్లాడినట్టుండాలి. అమ్మ చచ్చిపోయినా వాళ్లకేమీ అనిపించదు కదా."

తన తల్లి పోయిన రోజు ఆమె కంట్లోంచి చుక్క రాలలేదు. వచ్చినవాళ్ల చెప్పులు జతలు జతలుగా సర్దుతూ గుమ్మంలోనే ఉండిపోయింది. రాతిగుండె అన్నారు ఆడబిడ్డలు. ఆ జతల్లో అమ్మ చెప్పుల కోసం వెతుక్కుంటోందని ఎవరికి తెలుసు? అదంతా డైరెక్టర్ మొహాన అనాలనిపించింది. మింగేసింది. ఫీలింగ్ తీసేసి చెప్పింది.

"సూపర్ మేడమ్, అచ్చం వాళ్లే" అన్నాడు.

సీరియల్ ఊపందుకుంది. అత్తగారు రోజూ చూసి కళ్లొత్తుకునేది. "ఎంత బుద్ధిమంతురాలో. ఏడుపు లేదు, అల్లరి లేదు." ఆ వెంటనే మనవరాలి వైపు తిరిగి, "నీది ఆ జబ్బు కాదే, పొగరు" అనేది.

ఓ సాయంత్రం ఆమె బట్టలు మడతపెడుతుంటే పిల్ల వచ్చి నిలబడింది. ఏదైనా చెప్పాలంటే గెంతుతూ, మాట మీద మాట పడుతూ చెప్పే పిల్ల. చేతులు ఒంటికి అతికించుకుని, "అమ్మా. నాకు. ఆకలి. వేస్తోంది" అంది.

ఆమె మడత ఆపి తలెత్తింది. అది సీరియల్లోని తన గొంతే.

"ఎందుకే అలా మాట్లాడుతున్నావు?"

"నాకు ఆటిజమంటే స్కూల్లో ఎవరూ నమ్మట్లేదమ్మా. టీవీలో అమ్మాయిలా లేనంట. టీచర్ కూడా అంది. అందుకే ప్రాక్టీస్ చేస్తున్నా. సరిగ్గా వస్తోందా?"

ఆమె చేతిలో చొక్కా నలిగిపోయింది. తను ఇతరుల్లా కనిపించడానికి నేర్చుకుంది. ఈ పిల్ల తనేమిటో నమ్మించుకోవడానికి కూడా నటన నేర్చుకోవాల్సి వస్తోంది. నేర్పింది వేరెవరో కాదు, కన్నతల్లి.

అందరూ హాల్లో ఉండగానే డైరెక్టర్‌కి ఫోన్ చేసింది. "ఆ అమ్మాయికి ఇక నేను గొంతివ్వనండీ. వాళ్లు అలా ఉండరు. నేనూ వాళ్లలో ఒకదాన్ని."

మొగుడు వద్దు వద్దని చేతులూపుతూనే ఉన్నాడు. అవతల డైరెక్టర్ నవ్వాడు. "మీరా? ఊరుకోండి మేడమ్, మీరు నార్మల్‌గానే ఉంటారుగా. సరే, మీ ఇష్టం. ఆ గొంతు ఎవరైనా చేస్తారు."

నిజమే, చేశారు. మరుసటి వారం ఇంకెవరో అదే మరబొమ్మ గొంతు దించేశారు. అత్తగారికి తేడా తెలియనే లేదు, యథాప్రకారం కళ్లొత్తుకుంది. పిల్ల మాత్రం చెవి రిక్కించి విని, తల్లి కొంగు లాగింది.

"అమ్మా, అది నువ్వు కాదు."

"మొదట్నుంచీ కాదమ్మా" అంది ఆమె.