మెట్ల మీద చిన్నక్క గొంతు

ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం గ్రౌండు. చిన్నక్కకు ఏళ్ళ తరబడి ఇదే వరస. ప్రార్థన ముగియగానే కూతురు జాయ్‌ని వెంటబెట్టుకుని, పొయ్యి, బాణలి, బొరుగుల మూట, మజ్జిగ క్యాను ఆటోలోకి ఎక్కించి, ఊరి బయట ఫుట్‌బాల్ గ్రౌండుకు చేరేది. గోలుపోస్టు వెనకాల, నాపరాళ్ళ మెట్లు మొదలయ్యే చోట, వాళ్ళకొక టార్పాలిన్ పట్ట నీడ ఉంది. అక్కడ జాయ్ ఉల్లిగడ్డలు తరిగేది, చిన్నక్క బొరుగులు నీళ్ళలో ముంచి పిండేది. ఆటగాళ్ళు ఒళ్ళు విరుచుకుంటూ దుమ్ములో పరుగులు మొదలుపెట్టేసరికి ఉగ్గానికి తాలింపు చిటపటలాడేది. పచ్చిమిరపకాయల ఘాటుకు కింది వరసల వాళ్ళు తుమ్ముకుంటూ జేబులు తడుముకునేవాళ్ళు.

మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కలేకపోయినప్పటి నుంచీ చిన్నక్క తన గొంతును పంపుతోంది. పొయ్యి ముందు కూర్చుని "ఉగ్గాని, బజ్జీ, మజ్జిగా" అని సాగదీసి కేక వేస్తే, ఆ కేక అక్కడితో ఆగకుండా మెట్లెక్కి పోయేది. వరసవరసకూ నిలబడి "నీకేం కావల్లప్పా?" అని అడిగేది. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చి, కావలసింది చెప్పి, మళ్ళీ ఆటలో పడేవాళ్ళు. అంతసేపూ కింద చిన్నక్కకు మాట ఉండదు. తల వంచుకుని బజ్జీలు వేస్తూ ఉంటుంది. గొంతు దిగి వచ్చాక ఒకసారి దగ్గి, "జాయ్, నాలుగో మెట్టు మీద తిప్పేష్‌కు రెండు మజ్జిగ, పక్కన ముసలాయనకు ఉగ్గాని, కారం తక్కువ" అని అప్పజెప్పేది. జాయ్ ప్లేట్లు పట్టుకుని పరిగెత్తేది.

ఒక ఏడాది గ్రౌండు కమిటీ వాళ్ళు, పెద్దమనుషులు కూర్చునే షామియానాలోకి అమ్మేవాళ్ళెవరూ రాకూడదని హుకుం జారీ చేశారు. గేటు కాసే ఆంజినప్ప జాయ్‌ని ఆపాడు గానీ గొంతును ఆపలేదు. "గొంతు సంగతి నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఇంకోసారి గొంతు తొందరలో అడ్డదారి పట్టి గ్రౌండు మధ్యలోంచి పోతే, రెఫరీ విజిలు వేసి ఆట ఆపి, అది గీత దాటేదాకా చూసి, మళ్ళీ మొదలుపెట్టించాడు.

ఒకరిని తినమని అడిగి, జవాబు వినకుండా కదిలిపోవడం చిన్నక్క దృష్టిలో తప్పులన్నిటిలోకీ పెద్ద తప్పు. ఎవరైనా "ఉండు, చెప్తా" అంటే ఉండాల్సిందే. గొంతు కూడా ఆమె గొంతే కదా, దానికీ అదే పట్టుదల.

ఈ ఎండాకాలం మొదట్లో చిన్నక్క మెడ కింద గడ్డ తేలింది. డాక్టర్ శశి పరీక్షలన్నీ చేయించి, తల్లీకూతుళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"గడ్డ గొంతు నరాన్ని చుట్టుకుని పెరిగిందమ్మా. తీసేటప్పుడు నరం కూడా పోవచ్చు. ప్రాణానికి భయం లేదు. మాటకు మాత్రం నేను భరోసా ఇవ్వలేను."

"తీయకుండా ఊరుకుంటే?"

"కొన్నాళ్ళకు ఊపిరాడదు."

సోమవారం ఆపరేషనన్నారు. అంతకుముందు ఆదివారం గ్రౌండులో గుమ్మఘట్ట, యాడికి ఊళ్ళ జట్లకు ఆట. ఇంట్లో పడుకోమని జాయ్ ఎంత చెప్పినా చిన్నక్క వినలేదు.

"రేపటి నుంచి మాట లేకపోతే లేకపాయె. ఈ పొద్దు ఆట అయిపోనీ. ఇంటికి పోయినాక నీతో మాట్లాడతానే ఉంటా. కడుపులో ఉండేదంతా చెప్పల్ల. నువ్వు నిద్రపోతే ఊరుకోను."

జాయ్ సరేనంది. ఇంకేమైనా అంటే తనకే ఏడుపొస్తుందని ఉల్లిగడ్డల మీద పడింది.

ఆ రోజు అన్నిటికంటే పై మెట్టు మీద ఈరప్ప కూర్చున్నాడు. గుమ్మఘట్టలో గొర్రెలు కాసే మనిషి. వాళ్ళ ఊరి ఆట ఎప్పుడున్నా వచ్చేవాడు. ఇదివరకు భార్య మారెక్క కూడా పక్కనే ఉండేది. గొంతు వచ్చి అడిగితే ఆమే "ఆయప్పకు ఒక బజ్జీ చాలు, నిన్నటాల నుంచి కడుపు బాగలేదు" అని తేల్చేసేది. పోయినేడు మారెక్క చనిపోయింది. అప్పటి నుంచి ఏం తినాలన్నది ఈరప్పకు పెద్ద చిక్కైపోయింది.

"ఏం కావల్లప్పా ఈరప్పా?" గొంతు అడిగింది.

"ఉండక్కా, చెప్తా."

ఇంటర్వెల్ అయిపోయింది. గొంతు ఆయన పక్కనే నిలబడింది. ఆయన ఉగ్గాని అనబోయి, బజ్జీ వైపు మొగ్గి, మజ్జిగతో సరిపెట్టుకుందామా అని ఆలోచించి, మళ్ళీ "ఉండక్కా" అన్నాడు. ఇంతలో గుమ్మఘట్ట పిల్లోడొకడు యాడికి వాళ్ళందరినీ తప్పించుకుని పోయి బంతిని వలలో వేశాడు. గ్రౌండంతా లేచి నిలబడింది. ఆఖరి విజిలు పడగానే గుమ్మఘట్ట కుర్రాళ్ళు కేకలు వేస్తూ మెట్లెక్కి, కనబడిన ఊరివాళ్ళందరినీ లాక్కుపోయి లారీ ఎక్కించారు. ఈరప్ప కూడా ఆ సందట్లో కొట్టుకుపోయాడు. లారీ దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

పొయ్యి ఆరింది, గిన్నెలు సర్దారు, గొంతు మాత్రం దిగి రాలేదు. చిన్నక్క మెట్ల వైపు చూసి చేయి ఊపింది. చప్పట్లు కొట్టింది. చివరికి జాయ్ పైకెక్కింది.

"ఆయప్ప పోయినాడు కదమ్మా, ఇంక రా. రేపు ఆస్పత్రికి పోవల్ల."

"చెప్తానన్నాడు. చెప్పనీ, వస్తా" అంది గొంతు.

"ఆయన బదులు నేను చెప్తాలే. ఒక ఉగ్గాని, ఒక బజ్జీ. సరేనా?"

"నువ్వు చెప్తే ఆయప్ప ఆకలి తీరుతాదా?"

జాయ్ అక్కడే నిలబడి తిప్పేష్‌కు ఫోన్ చేసింది. ఆయన గుమ్మఘట్ట టీముకు మేనేజరు.

"ఈరప్ప ఊరి బయటనే లారీ దిగి మందతో కలిసినాడు పాపా. గొర్లు తోలుకొని బళ్ళారి దిక్కు పోతాండాడు, మేత కోసరం. వానలు పడినాకనే వచ్చేది. ఫోన్ చేసినా ఎత్తడు. ఎత్తల్లా వద్దా అని తేల్చుకునేలోపల అది కట్టయిపోతాది."

ఆ రాత్రి చిన్నక్క కూతురి పక్కన పడుకుని, ఏమీ చెప్పలేక, జాయ్ జుట్టు నిమురుతూ ఉండిపోయింది. ఉన్న ఆ ఒక్క రోజునూ ఈరప్ప తినేశాడని జాయ్‌కి మండిపోయింది. చిన్నక్కకూ కోపంగానే ఉంది. కానీ ఆయన మీద కంటే తన గొంతు మీదే ఎక్కువ. అంత మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు కాబట్టి, ఎవరినీ గట్టిగా తిట్టుకోలేకపోయింది.

ఆపరేషన్‌కు ముందు డాక్టర్ శశి "ఒకసారి 'ఆ' అనండమ్మా" అంది. చిన్నక్క నోరు తెరిచింది. ఏమీ వినబడలేదు.

"గొంతు గ్రౌండ్లో ఉండాది మేడం. ఒకాయన చెప్తానని చెప్పకుండా పోయినాడు" అంది జాయ్.

"అలాగా" అని డాక్టర్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

గడ్డ మొత్తం వచ్చేసింది. నరం మాత్రం దక్కలేదు. ఆ మాట చెప్పేటప్పుడు డాక్టర్ చిన్నక్క చేతిని తన చేతిలో పట్టుకుంది. చిన్నక్క తలూపి, ఆమె చేతిని తట్టింది.

ఇంట్లో కొత్త అలవాట్లు మొదలయ్యాయి. జాయ్‌ని పిలవాలంటే చిన్నక్క గరిటెతో గిన్నె మీద కొట్టేది. ఒక దెబ్బకు రమ్మని, రెండు దెబ్బలకు తినమని. జాయ్ వచ్చేది, తినేది. కానీ గరిటె చప్పుడులో జాయ్ పేరు లేదన్నది తల్లికీ తెలుసు, కూతురికీ తెలుసు.

ఎండలు ముదిరి ఆటలు ఆపేశారు. గ్రౌండు బీడు పడినట్టైంది. అయినా ఆంజినప్ప రోజూ గేటు తీసి ఒక చుట్టు తిరిగి, బజారులో కనబడితే చెప్పేవాడు. "గొంతు బాగుండాదక్కా. మధ్యాన్నం పూట నీడకు జరుగుతాది, పొద్దు వాలినాక మళ్ళా ఆయప్ప కూర్చున్న తావుకే వస్తాది."

సాయంత్రాలు జాయ్ అక్కడికి వెళ్ళి పై మెట్టు మీద కూర్చునేది. గొంతు ఆమెను కుశలం అడిగేది, ఆపైన కోప్పడేది. పాలు పోయించుకున్నావా, ఆ చున్నీ చిరుగు కుట్టుకోలేదేం, ఎండలో నెత్తిన గుడ్డ లేకుండా వస్తాండావేం. ఒకరోజు చిన్నక్క కూడా వచ్చి కింద పట్ట నీడలో కూర్చుంది. పైనుంచి తన మాటలు తనకే వినబడుతున్నాయి. ఇంత సణుగుడు మనిషినా నేను అనుకుంది. అయినా లేచి పోబుద్ధి కాలేదు. కూతురు నవ్విన చప్పుడు కూడా దాంతోపాటే వినబడుతోంది మరి.

తొలకరి నాలుగు చినుకులు పడ్డాయి. గుమ్మఘట్టకూ రాప్తాడుకూ ఆట పెట్టారు. చిన్నక్క పొయ్యి వెలిగించింది. కేక లేదు కాబట్టి బేరం అంతంతమాత్రంగానే ఉంది. జాయ్ ఒక్కతే వరసవరసకూ తిరిగి అడిగి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కుతోంది. ఆ ఎక్కడంలో ఒకసారి తలెత్తి చూస్తే పై మెట్టు మీద ఈరప్ప కనబడ్డాడు. ఎండకు మాడి, గడ్డం పెరిగి, చంకలో కంబళితో నిలబడి ఉన్నాడు.

జాయ్ ప్లేట్లు అక్కడే పెట్టేసి పరిగెత్తింది.

"ఈరప్పన్నా, నోరు తెరవద్దు. నీకు దండం పెడతా."

ఈరప్ప నోరు మూసుకున్నాడు.

"నువ్వు చెప్పినావంటే గొంతు కిందికి పోతాది. మా అమ్మకు ఆడ నరం లేదు, కోసేసినారు. పోయి చొరబడే దారి లేకపోతే ఏమైపోతాదో. ఈడనే ఉండనీ. నేను సాయంత్రం పూట వచ్చి మాట్లాడుకుంటా."

కింద నుంచి చిన్నక్క చూస్తోంది. కూతురు ఏం చెబుతోందో ఆమెకు వినబడనక్కర్లేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడింది. కుడిచేతిని గాలిలోకి ఎత్తి, తన వైపుకు లాక్కున్నట్టు ఊపింది. రానీ, అని.

ఈరప్ప కిందనున్న చిన్నక్క వైపు చూశాడు, ఎదురుగా ఉన్న జాయ్ వైపు చూశాడు. ఆయన జన్మలో ఇంత చిక్కు ఎప్పుడూ రాలేదు. బజ్జీనా ఉగ్గానినా అన్నదే తేలని మనిషి.

"ఏం చేయమంటావు పాపా?"

 జాయ్‌కి వద్దనడానికి తల్లి చేయి అడ్డొచ్చింది, సరేననడానికి భయం అడ్డొచ్చింది.

ఈరప్ప పక్కన ఖాళీగా ఉన్న మెట్టు వైపు కాసేపు చూశాడు. అక్కడ సలహా చెప్పేవాళ్ళు లేరు. కంబళి దించి పక్కన పెట్టి, గొంతు ఉన్న వైపుకు తిరిగి కూర్చున్నాడు.

"అక్కా, ఇన్నాళ్ళు నిలబెట్టినా, తప్పయిపాయె."

"ఏం కావల్లప్పా?" గొంతు అంది. మొదటిసారి అడిగినట్టే అడిగింది, విసుగు లేకుండా.

"ఒక ఉగ్గాని. రెండు మిరపకాయ బజ్జీలు. ఉల్లిగడ్డ వద్దు. మజ్జిగ తినినాక తాగుతా."

చెప్పేసి, అంతా నేనే చెప్పానా అని ఈరప్ప ఆశ్చర్యపోయాడు.

గొంతు దిగసాగింది. వరసవరసకూ జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. గ్రౌండులో ఆట నడుస్తూనే ఉంది గానీ ఆ పక్క మెట్ల మీద ఎవరూ ఆట చూడలేదు. జాయ్ దానికి వెనకగా ఒక్కో మెట్టే దిగుతూ వచ్చి, పొయ్యికి కొంచెం దూరంలో ఆగిపోయింది.

చిన్నక్క నోరు తెరిచింది. మెడ మీద కుట్ల గీత కదిలింది. గొంతు ఆమె ముందు నిలబడి కొంచెం తటపటాయించింది, మరమ్మతు చేసిన ఇంట్లోకి పోవడానికి మనిషి తటపటాయించినట్టు. తర్వాత తల వంచుకుని లోపలికి పోయింది. చిన్నక్క కళ్ళు మూసుకుంది. మింగింది. దగ్గింది. ఇంకోసారి దగ్గింది. నూనెలో బజ్జీ ఒకటి మాడుతోంది, దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు.

"జాయ్" అంది.

కొంచెం బొంగురుగా ఉంది. కానీ ఆమెదే.

"జాయ్, పై మెట్టు ఈరప్పకు ఒక ఉగ్గాని, రెండు బజ్జీలు. ఉల్లిగడ్డ వద్దంట."

జాయ్ పలకలేదు. వినబడక కాదు. రెండు నెలలుగా తల్లి నోటి నుంచి వినని పేరు అది. వెంటనే పలికేస్తే ఆ పిలుపు అక్కడితో అయిపోతుంది. అందుకని చెవిటిదానిలా గ్రౌండు వైపు తిరిగి నిలబడింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

చిన్నక్కకు అర్థమైంది. గరిటె పక్కన పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఈసారి తిట్టు కూడా కలిపి, గ్రౌండంతా వినబడేలా కూతుర్ని పిలిచింది.