నారాయణమ్మ గీసిన చతురస్రం

1978లో నేను మదనపల్లెలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఆ ఏడు బీఎస్సీ మొదటి సంవత్సరం వాళ్లకు అణువుల ఆకారాల పాఠం తీసుకున్నాను. ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి తోసుకుని వీలైనంత దూరంగా జరుగుతాయి, దాన్నిబట్టే అణువు ఆకారం తెలుస్తుంది అని నేనే చెప్పాను. మీథేన్, అమ్మోనియా, నీరు సాఫీగా జరిగిపోయాయి. జినాన్ టెట్రాఫ్లోరైడ్ దగ్గర మాత్రం, నాలుగు ఫ్లోరిన్లే కదా అని ముక్కాలిపీటలాంటి మీథేన్ బొమ్మే మళ్లీ గీసేశాను.

మూడో బెంచీలో నారాయణమ్మ లేచింది. ఆమెది సోమల దగ్గర పల్లె. తల్లి చౌడమ్మ కూలికి పోయి చదివిస్తోంది.

"సార్, జినాన్‌కు బయట ఎనిమిది ఎలక్ట్రాన్లు గదా. ఫ్లోరిన్లకు నాలుగు పోతే ఇంకా రెండు జతలుండాయి. అవి పైనొకటి, కిందొకటి నిలబడితే, ఫ్లోరిన్లు నడుమ చదరంగా ఉండాల గదా?"

"పుస్తకాలు రాసేవాళ్లు ముందు నిన్ను అడగాల్సింది" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె తల వంచుకుని కూర్చుంది.

సాయంత్రం లైబ్రరీలో చూస్తే ఆమె చెప్పిందే నిజం. రేపు క్లాసులో చెబుదామనుకున్నాను. రోజూ అలాగే అనుకున్నాను.

క్వార్టర్లీ పరీక్షలో మా హెడ్ అదే ప్రశ్న ఇచ్చాడు. అందరూ నా తప్పు బొమ్మే గీశారు. నారాయణమ్మ ఒక్కతే చతురస్రం గీసి, పైనా కిందా రెండు జతలు పెట్టింది. నా చెయ్యి దానంతటదే రైటు కొట్టింది. వెంటనే భయం పట్టుకుంది. ఈమెకు మార్కులిస్తే మిగతావాళ్లంతా పేపర్లు పట్టుకుని నా మీదికి వస్తారు. రైటు మీదే ఇంటూ పెట్టి, సున్నా వేశాను.

దసరా సెలవుల తర్వాత ఆమె కాలేజీకి రాలేదు.

ఆరేళ్ల తర్వాత కుప్పంలో ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ ముగించుకుని పుంగనూరు బస్సెక్కాను. నా పక్క సీట్లో నారాయణమ్మ. వి.కోటలో పట్టుదారం తీసే షెడ్డులో పని చేస్తోందట. వేడినీళ్లలో నాని వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చూసి ఉండబట్టలేకపోయాను.

"అమ్మా, ఆ రోజు నువ్వు చెప్పిందే రైటు. తప్పు నాది."

"తెలుసు సార్. పేపరిచ్చినప్పుడే సూసినా. ఇంటూ కింద రైటుండాది."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది:

"ఆ రైటు లేకుంటే, సార్‌కే తెలీదులే అనుకుని సదువుకునేదాన్ని. తెలిసీ కొట్టేసినారు గదా. ఇంక ఆడ కూర్చోబుద్ది కాలేదు."

వి.కోట రాగానే "వస్తా సార్" అని దిగిపోయింది.

మర్నాడు క్లాసులో బోర్డు మీద ఆ చతురస్రం గీశాను. దీన్ని నాకు నేర్పింది నా స్టూడెంటు నారాయణమ్మ అని చెప్పాను, ఆమెకు సున్నా వేసిన సంగతి కూడా. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది:

"ఆమె ఇప్పుడు యాడ సదువుతాండాది సార్?"