మంచు పట్టని గడ్డి

పార్కు పనివాళ్లందరూ ఆమెను థర్మామీటరమ్మ అంటారు. పదిహేడేళ్లుగా ఆమె పని ఒకటే. పొద్దున్నే పొడవాటి ఇనప కడ్డీ థర్మామీటరు భుజాన వేసుకొని, అడవిలోని వేడినీటి గుంటలన్నింటి దగ్గరికీ వెళ్లి, జ్వరం చూసినట్టు చూసి పుస్తకంలో రాసుకోవడం. గంధకం వాసన ఆ ముక్కుకు ఎంత అలవాటైందంటే, ఇంట్లో కోడిగుడ్డు కుళ్లినా తెలియదని చెల్లెలు ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

ఆ రోజు ఆమె ముందుగా నీలిగుంటకే వెళ్లింది. అక్కడికి కొత్త చెక్కబాట వేశారు. వేసింది చెల్లెలి మొగుడు. ఇళ్లకు తలుపులూ కిటికీలూ చేసుకునే వడ్రంగికి, రేంజరుగారి చెవిలో జోరీగలా పోరి మరీ ఈ పని ఇప్పించింది ఆమే. బాట బాగా కుదిరితే మరిదికి పార్కులో ఉద్యోగం ఖాయమని రేంజరు మాటిచ్చాడు. పది గంటలకు బడిపిల్లల బస్సు వస్తుంది. బాట మీద మొదటి అడుగు మరిది కూతురిది. వారం రోజులుగా ఆ పిల్ల కొత్త బూట్లు వేసుకొని ఇల్లంతా తొక్కేస్తోందట.

గడ్డి మీద మంచు దట్టంగా పట్టింది. కానీ బాట పక్కన కొన్నిచోట్ల గడ్డి పొడిగా ఉంది. పలకలు అడ్డం పడ్డాయేమో అనుకుంది. మరి బాట మొదట్లో పలకల పక్కన కూడా తడిగానే ఉందే! వంగి చూసుకుంటూ ముందుకు పోయింది. బాటను మోసే ఒక్కో స్తంభం చుట్టూ పళ్లెమంత మేర మంచు లేదు. గుంట దగ్గరయ్యేకొద్దీ ఆ పళ్లెం పెద్దదవుతోంది. భలే ఉందే ఇది, అనుకుంది. కడ్డీ జానెడు లోతు దింపింది. తొంభై నాలుగు డిగ్రీలు. పుస్తకం తిరగేస్తే, పోయిన నెల ఇదే చోట నలభై ఒకటి.

"ఏంటి వదినా, పొద్దున్నే మోకాళ్ల మీద పడ్డారు? నా బాటకు దండం పెడుతున్నారా?" అంటూ మరిది రంగు డబ్బాతో వచ్చాడు.

"ఈ స్తంభాలు ఎంత లోతు దింపావు?"

"నడుం లోతు. దున్నపోతు వచ్చి గుద్దినా కదలవు."

ఇక్కడ నేలంటే పైన పలచటి పొర, కింద ఆవిరి. పాత బాటలన్నీ నేల మీద పడుకోబెట్టిన దుంగలపైనే ఉంటాయి, ఒక్క గుంజ కూడా లోపలికి దిగదు. ఆ సంగతి ఆమెకు ఎంత మామూలైపోయిందంటే, కొత్తవాడికి చెప్పాలని కూడా తోచలేదు. పోయిన వారం బాట పక్క కమ్మీ పట్టుకొని ఊపి చూసి, "రాయిలా ఉంది మరిదీ" అని మెచ్చుకొని మరీ వెళ్లింది. ఇప్పుడు సిగ్గుతో ఆమెకు తల తీసేసినట్టయింది.

ఉన్నదున్నట్టు చెప్పింది. మరిది మొహం మాడిపోయింది.

"మూడు నెలల పని వదినా! గడ్డి మీద మంచు పడలేదని ఆపేస్తే నలుగురూ నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. తప్పు నాది, చెప్పాల్సింది నేను. ముందు చెవి పెట్టి విను."

విసుగ్గానే బాట మీద బోర్లా పడుకొని స్తంభానికి చెవి ఆనించాడు. లేవలేదు. రెండో చెవి పెట్టాడు.

"ఎసరు మరుగుతోంది వదినా," అన్నాడు. గొంతులో కోపం పోయి వింత వచ్చి చేరింది. "పీకి చూద్దామా?"

ఆ స్తంభాల జతకు బిగించిన పలకలు ఊడదీసి, స్తంభానికి తాడు కట్టి, గట్టి నేల మీదికి వచ్చి ఇద్దరూ లాగారు. దున్నపోతుకు కదలనిది ఊగే పన్నులా వచ్చేసింది. అడుగు భాగం ఉడికి పీచు పీచుగా ఉంది. కన్నంలోంచి ఆవిరి ఈల వేసింది. చుట్టూ ఉన్న నేల గంగాళమంత మేర మెత్తగా కిందికి జారిపోయింది.

థర్మామీటరమ్మ భయం మరిచిపోయింది. నెల రోజుల్లో ఆవిరి స్తంభం వెంట ఇంత దారి ఎలా చేసుకుంది? పక్క స్తంభం దగ్గరా ఇంతేనా? కడ్డీ ఎత్తబోయి మరిది వైపు చూసి ఆగింది. అతను ఆవిరిని చూడటం లేదు. బాట మొదటి నుంచి ఆ కన్నం దాకా వేలితో, కూతురు తొక్కాల్సిన పలకలు లెక్కపెడుతున్నాడు.

"ఇరవై మూడు," అన్నాడు.

రెండు దూలాలు తెచ్చి బాట మొదట్లో అడ్డంగా మేకులు కొట్టాడు.

పది గంటలకు రేంజరు వచ్చి దూలాల్ని చూసి మండిపడ్డాడు. "ఎవరి తెలివి ఇది?" అని అరిచాడు. ఆమె నోరు తెరిచేలోగా బస్సు ఆగింది. అందరికంటే ముందు కొత్త బూట్ల పిల్ల దూకి, టకటకమంటూ దూలం కిందనుంచి దూరబోయింది. మరిది ఒక్క ఉదుటున పోయి ఎత్తుకున్నాడు.

"నాదే సార్, బాటా నాదే, తప్పూ నాదే. రాసుకోండి," అన్నాడు.

"చెప్పనిది నేను. నా పేరు కూడా రాయండి," అంది ఆమె.

"నాన్నా, దింపు! ఫస్టు నేనే నడుస్తానన్నావుగా!" పిల్ల కాళ్లు కొట్టుకుంటోంది. బూట్ల మట్టి అతని చొక్కా నిండా అంటుతోంది.

రేంజరు ప్రశ్నలన్నీ అయ్యేదాకా, పిల్లలందరూ దూరం నుంచి ఆవిరి చూసి బస్సెక్కేదాకా, అతను కూతుర్ని దింపలేదు.