పూలవంతెన మధ్య చట్రం

రూతు పట్టు పట్టిందంటే ఇక అంతే, ఊరంతా అడ్డం పడినా వదలదు. అరవై రెండేళ్ళొచ్చినా అదే మొండితనం. ఈసారి ఆ మొండితనం పూలవంతెన మీద పడింది.

టౌను కాలవ మీద దొరలనాటి వంతెన అది. రెండు పక్కలా ఇనప చట్రాలు, వాటిలో పోత పోసిన పూలూ తీగలూ. ఏ చట్రం పువ్వు దానిదే. అన్నిటికన్నా అందమైన మధ్య పువ్వుని ముప్పై ఏళ్ళ కిందట ఎవడో దొంగ వెధవ పీక్కుపోయి పాతినుముకి అమ్ముకున్నాడు. అప్పట్నుంచీ ఆ ఖాళీలో వెదురుబొంగులే. ఇన్నాళ్ళకి రిపేరుకి శాంక్షనొచ్చిందని ఊరు సంబరపడుతుంటే ఇంజనీరు పల్లంరాజుగారు చల్లగా ఓ మాట చెప్పారు.

"మధ్య పువ్వు డిజైను లేందే పొయ్యలేమని పోత పోసేవాళ్ళు అంటున్నారండి. ఒక్కచోట అతుకేస్తే అసహ్యంగా ఉంటుంది. పూలన్నీ పీకేసి స్టీలు పైపులు వేయించేద్దాం. సోమవారం ఎస్టిమేటు పంపేస్తున్నా."

పాత ఫోటోలు లేవా అంటే బోలెడున్నాయి. ఊళ్ళో పెళ్ళయిన ప్రతి జంటా ఆ పువ్వు ముందే నిలబడింది. అందుకే ఏ ఆల్బం తిరగేసినా పెళ్ళికొడుకు కోటు తప్ప పువ్వు కనపడదు.

రూతుకెందుకంత పట్టింపు అంటారా? వాళ్ళమ్మ మార్తమ్మ లేసల్లిక నేర్చుకుంది ఆ వంతెన మీదే. పుస్తకం చూసి కాదు. మధ్య చట్రం ఎదురుగా కూర్చుని, తీగ తీగా లెక్కపెట్టి, ఆ పువ్వుని దారంలోకి దించుకుంది. దాన్నే అల్లి నలుగురు పిల్లల్ని పెంచింది. పైదేశాలకి పంపే నరసాపురం లేసు ఏజెంట్లు పట్టుకుపోగా మిగిలింది ఒకే ఒక్కటి, రూతు పెళ్ళికిచ్చిన జానెడు లేసు. రూతు అది పట్టుకుని ఆఫీసుకెళ్ళింది.

"ఏంటండీ రూతుగారూ! లేసు చూసి ఇనుము పోస్తారా ఎవరైనా? దారం ఎటు లాగితే అటు సాగుద్ది," అన్నారు పల్లంరాజుగారు.

"దారం సాగుద్దండి, లెక్క సాగదు. అసలు సైజులో అల్లి తెస్తాను. ఆ ఖాళీలో పెట్టి చూడండి."

ఆయనకి నవ్వొచ్చింది. "చట్రానికి పాత కొక్కేలు పన్నెండున్నాయి. పన్నెండిటికీ అందితే నా ఎస్టిమేటు నేనే చింపేస్తా, సరేనా?"

"ఆయ్!" అంది రూతు.

తీరా ఇంటికొచ్చి చూస్తే అసలు చిక్కు అప్పుడు తెలిసింది. పువ్వు నడిమధ్యన మూడు వరసల రేకులు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. అడుగున ఏం అల్లిందో పైకి కనపడదు. క్రోషియా అల్లికేమో చివరి కుట్టు నుంచే విప్పాలి. మధ్యకి చేరాలంటే మొత్తం విప్పెయ్యాల్సిందే.

"నీకేమన్నా మతిపోయిందా అక్కా?" పక్కింట్లో ఉంటూ తనతో కలిసి లేసు అల్లే సూర్యకళ చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మ గుర్తు అదొక్కటే కదా! మళ్ళీ అల్లుకోవచ్చులే అనుకుంటున్నావా?"

"అల్లుకోవచ్చు. అది నా చెయ్యి అవుద్ది గానీ అమ్మ చెయ్యి అవ్వదు," అంది రూతు. అని, కొస దారం పట్టి లాగింది.

వరస వరసకీ ఏడ్చింది. ఏడుస్తూనే లెక్కపెట్టింది. సూర్యకళ ముక్కు చీదుకుంటూ నోటుబుక్కులో రాసింది. ఆ లెక్క చూసుకుంటూ లావు వలతాడుతో, వెదురుతో చెక్కించిన పెద్ద కొంకి సూదితో మూడు రోజులు అల్లింది రూతు. వేళ్ళు బొబ్బలెక్కాయి. అయినా ఆగలేదు. గంజి పెట్టి డాబా మీద ఆరేస్తే అల్లిక బిర్రుగా తయారైంది.

శనివారం పొద్దున వంతెన మీద పెట్టి చూశారు. పదకొండు కొక్కేలకి సరిగ్గా అందింది. పన్నెండోదానికి రెండు వేళ్ళ మేర తక్కువైంది.

"పోనీలెండి, మీ ప్రయత్నం మీరు చేశారు," అన్నారు పల్లంరాజుగారు, పాపం బాధగానే.

"ఆగండి. మా అమ్మ లెక్క తప్పదు. తప్పితే నాదే తప్పుద్ది."

అక్కడే చతికిలబడింది. ఆటోలవాళ్ళు హారన్లు మోగించారు. "పక్కనుంచి పోండి బాబూ, కాలవలో దిగి పొమ్మన్నానా!" అని కసిరింది. సూర్యకళ పుస్తకం చదువుతుంటే వరసలు సరిచూసుకుంది. చివరి నుంచి మూడో వరసలో ఒక గొలుసు తక్కువపడింది. ఆ వరస అల్లుతున్నప్పుడు కళ్ళు మసకలేశాయి మరి. గంజి మీద నీళ్ళు చల్లి మెత్తబరిచి, అక్కడిదాకా విప్పి, ఎండలోనే మళ్ళీ అల్లింది. మధ్యాహ్నం మూడయింది.

ఈసారి పన్నెండూ అందాయి. పల్లంరాజుగారు వంగి రెండుసార్లు లెక్కపెట్టుకుని, అన్నమాట ప్రకారం ఎస్టిమేటు చింపేశారు.

"దీన్ని చూసి డ్రాయింగు వేయిస్తానండి. మీ అమ్మగారి లేసు కూడా రెండ్రోజులు ఇవ్వండి. ఫైల్లో చూపించి భద్రంగా తిరిగిచ్చేస్తా."

రూతు సంచిలోంచి నిమ్మకాయంత దారపుండ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేంటండీ?"

"అదేనండి."

ఆయన ఉండని అటూ ఇటూ తిప్పి చూశారు. "అయ్యయ్యో, విప్పేశారా! ఒక్క మాట ముందే చెప్పుంటే..."

"చెబితే వద్దనేవారు. డ్రాయింగు కింద వేసినవాళ్ళ పేరుకి ఒక గడి ఉంటది కదండీ? అందులో మా అమ్మ పేరు రాయండి. ఆవిడ అల్లినవి ఏయే దేశాలకో పోయాయి, ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు."

పల్లంరాజుగారు జేబులోంచి పెన్ను తీశారు. "ఇంటిపేరుతో చెప్పండి."

"కొల్లాబత్తుల మార్తమ్మ," అంది రూతు, వంతెన మీదున్న వాళ్ళందరికీ వినపడేట్టు.