షడ్జమం జరిగిన చోట

మేళం వాళ్ళకి ఎవరూ కుర్చీలు వెయ్యరు. నందిగామలోనూ అంతే, జగ్గయ్యపేటలోనూ అంతే. పెళ్ళికొడుకు కారు ముందు ఊదుకుంటూ నడవాలి, పందిరి రాగానే పక్కకి తప్పుకోవాలి. తొంభై ఎనిమిదిలో నేను దీనికి అడ్డం తిరిగాను.

సిమెంటు ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికొచ్చిన జర్మనీ ఇంజనీరు వెళ్ళిపోతున్నాడు. పేట సంగీత సభ వాళ్ళు వీడ్కోలు పెట్టారు. ఆయన దేశపు పాటలు రెండు వాయించాలట. క్లారినెట్లున్నది మా మేళం దగ్గరే. స్టేజీ మీద కుర్చీలేస్తేనే వస్తామన్నాను.

"వేస్తాం లేవయ్యా ప్రేమదాసూ," అన్నారు సభ కార్యదర్శి శేషాద్రి గారు. "మధ్యలో తప్పారో, ఇక కుర్చీ మాట ఎత్తొద్దు. నువ్వే కాదు, మీ బజార్లో ఎవరూ ఎత్తొద్దు."

ఒప్పుకున్నాను.

ఇంజనీరిచ్చిన కాగితాలు ఒక గొంతుకీ పియానోకీ రాసినవి. పియానో ఎక్కణ్ణుంచి తేను? గొంతు పాడేది నా క్లారినెట్‌కి పెట్టాను. పియానో ఎడమ చేతి స్వరాలు శాక్సాఫోన్‌కి, కుడి చేతివి ముక్కలు చేసి రెండో క్లారినెట్‌కీ వేణువుకీ. చర్చి క్వయర్లో నేర్చిన నొటేషనే నా చదువు. నెల పట్టింది. వెనక మా బాబాయి ప్రేమానందం శ్రుతిపెట్టె. పళ్ళూడి క్లారినెట్ వదిలేశాక ఆయనకి మిగిలింది అదొక్కటే.

రెండో పాట మధ్య చరణం శ్రుతికి అతకలేదు. అచ్చుతప్పనుకుని నాలుగు స్వరాలు దిద్దేశాను.

కచేరీ రోజు మధ్యాహ్నం, మాతో వేణువు వాయించడానికొచ్చిన మైథిలి టీచరు అసలు కాగితం మొదటిసారి ముందేసుకుని కూర్చుంది.

"దీన్లో తప్పు లేదండి. ఇక్కడ షడ్జమమే, ఆధార స్వరమే, వేరే చోటికి జరుగుతోంది, చరణం కాగానే వెనక్కొస్తుంది. మీరు దిద్దింది వాయిస్తే ఆ ఇంజనీరు మొహం చూడలేం."

తప్పు నాదే. శ్రుతిపెట్టె పాత షడ్జమాన్నే పలుకుతుంది, అందుకని అసలు స్వరాలు వాయించాలంటే ఆ చరణమంతా శ్రుతి ఆపాలి.

"ఆపడమా?" అన్నాడు బాబాయి. "శ్రుతి ఆగిందంటే మేళం అయిపోయినట్టేరా. జనం మనం తప్పామనుకుంటారు. అందరి ముందూ నన్ను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచోమంటావా? నా బదులు ఆ కుర్చీలో సంచి పెట్టుకో, సరిపోద్ది."

"ఎనిమిది లైన్లే బాబాయ్."

బాబాయి పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళి స్టేజీ మీద కూర్చున్నాడు.

మొదటి పాట గట్టెక్కింది. రెండోది ఎత్తుకున్నాం. మధ్య చరణం దగ్గరపడుతోంది. నోట్లో క్లారినెట్, మాట చెప్పే వీల్లేదు. కళ్ళతో సైగ చేశాను. బాబాయి నా వైపు చూడలేదు. శ్రుతిపెట్టె తిత్తి ఆడుతూనే ఉంది. చరణానికి ఇంకొక్క లైనుంది.

ఆగింది.

మా నాలుగు వాయిద్యాలూ ఒక్కసారి బోసిగా వినిపించాయి. ముందు వరసలో శేషాద్రి గారు లేచి నిలబడ్డారు. బాబాయి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, కాలి బొటనవేలు మాత్రం తాళం వేస్తోంది. పాట మొదటి చోటికి తిరిగొచ్చిన క్షణాన, నేను చూడకముందే, తిత్తి కదిలింది. వెంట్రుకవాసి తేడా లేదు.

చప్పట్లు ఆగకముందే శేషాద్రి గారు స్టేజీ అంచుకొచ్చారు.

"మధ్యలో శ్రుతి పోయిందేమయ్యా. నే చెప్పలా?"

"పోలేదండి, ఆపా," అన్నాడు బాబాయి. "పాట అట్టా ఉంది. పాట తాలూకు మనిషి మీ వెనకే ఉన్నాడు, అడగండి."

శేషాద్రి గారు వెనక్కి తిరిగారు. ఇంజనీరు నిలబడి ఇంకా చప్పట్లు కొడుతున్నాడు. ఆయన్నేమీ అడగలేదు. ఉపన్యాసాల కోసం మైకు వాళ్ళు మా కుర్చీలు తియ్యడానికొచ్చారు.

"ఉండనీండి," అన్నారు శేషాద్రి గారు, మా వైపు చూడకుండా.